మదనపల్లెకు వచ్చిన ఐరిష్ ఖైదీ: మార్గరెట్ కజిన్స్ కథ (ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్)

ఈసారి ఎపిసోడ్ కదిరిలో మా ఇంటి మిద్దె మీద రికార్డ్ చేశా. మధ్యమధ్యలో గాలి సౌండ్ వినిపిస్తే ఏమీ అనుకోవద్దు. మా ఊళ్లో వానకు కరువు గానీ గాలికి కాదు.

ముందు ఒక రీల్ గురించి మాట్లాడదాం. మీలో చాలామందికి ఇది ఫార్వర్డ్ అయ్యే ఉంటుంది. "మన జాతీయ గీతానికి ట్యూన్ కట్టింది మదనపల్లెలో ఉన్న ఒక బ్రిటిష్ లేడీ" అని, వెనకాల డ్రమ్స్ మ్యూజిక్, చివర్లో జెండా. నాకు ఒకే వారంలో నలుగురు పంపించినారు. వాళ్లలో ఒకడు బెంగళూరులో నా పాత టీమ్‌మేట్. "మీ పక్క ఊరే కదరా, దీని మీద వీడియో చెయ్యి" అన్నాడు. సరే అని చదవడం మొదలుపెట్టా. చదివే కొద్దీ ఆ రీల్‌లో తప్పులే తప్పులు.

ఒకటి, ఆమె బ్రిటిష్ కాదు, ఐరిష్. ఆ మాట ఆమె ముందర అనుంటే ఆమె ఊరుకునేది కాదు, అది ఎందుకో మీకే అర్థమవుతుంది. రెండు, జనగణమన ట్యూన్ ఠాగూర్‌దే. ఆ పాట 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలోనే పాడినారు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె కాలేజీకి వచ్చి కొన్ని రోజులు ఉన్నాడు. అక్కడ పిల్లల ముందర పాట పాడితే, ఆ ట్యూన్‌ని వెస్టర్న్ మ్యూజిక్ నొటేషన్‌లో రాసి పెట్టింది మార్గరెట్ కజిన్స్. పాటకు ఇంగ్లీష్ అనువాదం ఠాగూర్ అక్కడే, ఫిబ్రవరి 28న, తన చేత్తో రాసినాడు. ఇదంతా నిజం, మదనపల్లె వాళ్లు కాలర్ ఎగరేసుకోవచ్చు. కానీ నన్ను అడిగితే, ఆమె జీవితంలో ఇది చిన్న విషయం. రీల్‌లో లేని భాగమే పెద్దది. మదనపల్లెలో అడుగు పెట్టేటప్పటికే ఆమె రెండు సార్లు జైలుకు పొయ్యొచ్చింది. ఇక్కడికి వచ్చినాక మూడోసారి కూడా పోయింది.

కథ మొదటి నుంచి చెప్తా.

మార్గరెట్ గిల్లెస్పీ 1878 నవంబర్ 7న ఐర్లాండ్‌లో బాయిల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది, రాస్‌కామన్ కౌంటీ. ఈ 1878 అనే నంబర్ చూడగానే నేను ఒక్క నిమిషం ఆగిపోయా. మన దగ్గర ధాత కరువు 1876 నుంచి 78 దాకా. అప్పటికి అనంతపురం ఇంకా జిల్లా కాలేదు, బళ్లారి జిల్లాలో భాగం. మద్రాస్ ప్రెసిడెన్సీలో ఆ కరువు గట్టిగా కొట్టిన జాగాల్లో మనదీ ఒకటి. ఆమె పుట్టిన దేశానిదీ అదే రకం కథ. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువులో సుమారు పది లక్షల మంది చచ్చిపోయినారు, అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కి వెళ్లిపోయినారు. వాళ్లను పాలించే ప్రభుత్వమూ లండన్‌లోనే ఉండేది, మనల్ని పాలించేదీ అక్కడే.

అలా వెళ్లిపోయిన ఐరిష్ వాళ్లలో చాలామంది వేరే కాలనీల్లో పెద్ద రాజకీయ నాయకులైనారు. చార్లెస్ గావన్ డఫీ అని ఒకాయన, ఐర్లాండ్‌లో బ్రిటిష్ వాళ్ల మీద రాసి జైలుకు పోయినోడు, ఆస్ట్రేలియాకు వెళ్లి 1871లో విక్టోరియా ప్రీమియర్ అయినాడు. అంటే మన లెక్కలో సీఎం లాగా అనుకోండి. వాళ్లకు అక్కడ సీట్లు ఉండినాయి, పోటీ చేసినారు, గెలిచినారు. మార్గరెట్ కథ అట్లా కాదు. ఆమె వచ్చిన కాలనీలో ఆడవాళ్లకు ఓటే లేదు, ఇంక సీటు మాట ఎక్కడ? జీవితంలో ఆమె ఏ కౌన్సిల్‌లోనూ కూర్చోలేదు. ఆమె పనల్లా వేరేవాళ్లను కూర్చోబెట్టడం.

సరే, డబ్లిన్‌కు వద్దాం. ఆమె మ్యూజిక్ చదివింది, 1902లో డిగ్రీ. 1903లో జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్లి చేసుకుంది. ఇద్దరూ మాంసం ముట్టరు. అప్పటి ఐర్లాండ్‌లో వెజిటేరియన్ అంటే ఎట్లా చూసి ఉంటారో ఊహించుకోండి, మా ఊళ్లో పండక్కి ఏట మాంసం వద్దనే అల్లుడిని చూసినట్టు. 1908లో ఫ్రెండ్ హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ పెట్టింది. డిమాండ్ సింపుల్, ఆడవాళ్లకు ఓటు. అర్జీలు పెట్టినారు, మీటింగులు పెట్టినారు, ఎవరూ పట్టించుకోలేదు. 1910లో లండన్ వెళ్లి డౌనింగ్ స్ట్రీట్‌లో కిటికీల మీద రాళ్లేసింది. హాలోవే జైల్లో ఒక నెల. 1913 జనవరిలో డబ్లిన్ కాసిల్, అంటే అక్కడి సర్కారు ఆఫీసు, దాని అద్దాలు పగలగొట్టింది. టల్లమోర్ జైలు. అక్కడ తమను రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని అన్నం మానేసి కూర్చున్నారు. చివరికి జైలోళ్లే దిగొచ్చినారు.

"ఇదేం పని బ్రో, పియానో వాయించే ఆవిడ రాళ్లెయ్యడం ఏంది" అని మీరు అనొచ్చు. నాకూ మొదట అట్లనే అనిపించింది. రాళ్లు వెయ్యడం కరెక్ట్ అని నేను చెప్పను. కానీ అప్పుడు ఐర్లాండ్‌కు స్వయం పాలన ఇస్తామని ఒక బిల్లు నడస్తా ఉంది. దాని కోసం కొట్లాడే ఐరిష్ మగ నాయకులే "ఆడోళ్ల ఓటు ఇప్పుడొద్దు, తర్వాత చూద్దాం" అన్నారు. స్వాతంత్ర్యం అడిగేవాళ్లే ఇంట్లో సగం మందిని పక్కన పెట్టినారు. ఆ దెబ్బ ఆమె మర్చిపోలేదు. ఇండియా వచ్చినాక ఆమె చేసిన పనంతా ఇక్కడి నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

1915లో భార్యాభర్తలిద్దరూ మద్రాస్ వచ్చినారు. పిలిచింది అనీ బెసెంట్. బెసెంట్ లండన్‌లో పుట్టినా, తనలో ముప్పావు వంతు ఐరిష్ రక్తమే అని చెప్పుకునేది. జేమ్స్‌కు ఆమె పత్రిక న్యూ ఇండియాలో ఉద్యోగం. ఏడాది కూడా తిరగలేదు, ఆ ఉద్యోగం పోయింది.

ఎందుకంటే 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది, ఈస్టర్ రైజింగ్ అంటారు. బ్రిటిష్ సైన్యం అణిచేసి నాయకులను వరసబెట్టి కాల్చేసింది. ఆ గొడవలో హన్నా భర్త ఫ్రాన్సిస్ కూడా చచ్చిపోయినాడు. ఆయన తుపాకీ పట్టిన మనిషి కూడా కాదు. విచారణ లేకుండా ఒక ఆఫీసర్ బ్యారక్స్‌లో నిలబెట్టి కాల్పించినాడు. ఈ ఫ్రాన్సిస్, జేమ్స్ ఇద్దరూ కలిసి ఓటు హక్కు పత్రిక నడిపినోళ్లు. ఇక్కడ మద్రాస్‌లో జేమ్స్ ఆ తిరుగుబాటును మెచ్చుకుంటా వ్యాసం రాసినాడు. బెసెంట్ మీద అప్పటికే సర్కారు కన్ను ఉంది, ఆమెకు ఇంకో దారి లేకపోయింది. ఉద్యోగం తీసేసి, తను 1915లో పెట్టిన మదనపల్లె కాలేజీకి పంపించింది. మన భాషలో పనిష్మెంట్ ట్రాన్స్‌ఫర్. సర్కారు ఉద్యోగంలో మాట విననోళ్లను రాయలసీమకు పంపడం సినిమాల్లో చూసుంటారు కదా, ఆ లెక్కన ఇది చాలా పాత అలవాటే.

మదనపల్లె అంటే ఇప్పుడు మనకు టమోటా మార్కెట్ గుర్తొస్తుంది. కదిరి నుంచి ములకలచెరువు మీదుగా బస్సులో పోతే రెండు గంటలు. అక్కడ మార్గరెట్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పింది, ఊళ్లో ఆడవాళ్లను కలుపుకొని ఒక సంఘం మొదలుపెట్టింది. పేరు అబలా అభివర్ధిని సమాజం. ఈ పేరు చదివి నేను నవ్వుకున్నా. డౌనింగ్ స్ట్రీట్‌లో అద్దాలు పగలగొట్టిన మనిషి ఉన్న సంఘానికి పేరు "అబలా". ఆమె ఆ పేరు మీద గొడవ పడినట్టు ఎక్కడా చదవలేదు. ఆడవాళ్లు ఇల్లు దాటి వచ్చి కూర్చోవాలంటే బోర్డు మీద ఏం రాయాలో ఆ ఊరి వాళ్లకే బాగా తెలుసు మరి.

ఆ చిన్న సంఘం అనుభవంతోనే 1917 మే 8న అడయార్‌లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలైంది. డొరోతీ జినరాజదాస, అనీ బెసెంట్, మార్గరెట్ అందులో ముఖ్యులు.

ఇప్పుడు చెప్పబోయే ముక్క నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టం. ఇంజనీర్‌ని కాబట్టేమో. 1917 చివర్లో ఇండియా వ్యవహారాల మంత్రి మాంటేగు లండన్ నుంచి వచ్చినాడు. ఇండియాకు ఎలాంటి పాలన ఇవ్వాలో అందరినీ అడుగుతా తిరుగుతా ఉన్నాడు. మార్గరెట్ ఆడపిల్లల చదువు గురించి మాట్లాడాలని అపాయింట్‌మెంట్ అడిగింది. జవాబు ఏమొచ్చిందంటే, రాజకీయ విషయాలైతేనే కలుస్తాం, మిగతావి కుదరవు అని. ఇంకొకరైతే సరేలే అని ఊరుకునేవాళ్లు. ఈమె ఏం చేసింది? అర్జీ మార్చింది. రాజకీయమే కావాలా, అయితే ఇదిగో, ప్రజలకు ఇచ్చే ఓటులో ఆడవాళ్లను కూడా ప్రజలుగా లెక్కపెట్టండి అని రాసింది. ఫారంలో ఒక ఫీల్డ్ తప్పనిసరి అన్నారు, ఆ ఫీల్డ్‌లోనే అసలు డిమాండ్ నింపింది.

1917 డిసెంబర్ 18న మద్రాస్‌లో ఆ బృందం మాంటేగునీ వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌నీ కలిసింది. ముందర నిలబడి మాట్లాడింది సరోజినీ నాయుడు, మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి. మార్గరెట్ వెనక వరసలోనే ఉంది. ఇది గమనించండి, మళ్లీ ఈ పాయింట్‌కు వస్తా.

వెంటనే ఏమన్నా జరిగిందా? లేదు. ఓటు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి సౌత్‌బరో కమిటీ వేసినారు. ఆ కమిటీ ఇండియాలో సామాజిక పరిస్థితులు ఇంకా దీనికి సిద్ధంగా లేవని కొట్టేసింది. చివరికి 1919 చట్టంలో ఒక సందు పెట్టినారు. ఏ రాష్ట్రం కౌన్సిల్ అయినా కావాలనుకుంటే తీర్మానం చేసుకొని ఆడవాళ్లకు ఓటు ఇచ్చుకోవచ్చు అని. లండన్ తన తల మీద పెట్టుకోకుండా తప్పించుకుంది. వీళ్లు చేస్తారా చస్తారా అనుకునే పెట్టినారో ఏమో గానీ, 1921లో మద్రాస్ కౌన్సిల్ ముందుగా ఆ తీర్మానం చేసింది. బ్రిటిష్ ఇండియాలో మొదటి రాష్ట్రం మనదే, అనంతపురం, కడప, చిత్తూరు అన్నీ అప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీ కదా. బ్రిటన్‌లో మగవాళ్లతో సమానంగా ఓటు వచ్చింది 1928లో. ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకు ఓటు వచ్చింది 1944లో. స్విట్జర్లాండ్‌లో జాతీయ ఎన్నికలకు 1971లో. ఇదేం మెసేజ్ ఫార్వర్డ్ కాదు, నిజంగానే.

అయితే ఒక్క నిమిషం, చప్పట్లు ఆపండి. ఇక్కడ స్టార్ గుర్తు పెట్టి కింద చిన్న అక్షరాల్లో రాసిన కండిషన్ ఒకటుంది. ఆస్తి. ఇంత శిస్తు కట్టే భూమి పేరు మీద ఉంటేనే ఓటు. మగవాళ్లకూ అదే రూలు, కాకపోతే పట్టా ఆడదాని పేరు మీద ఉండే ఇళ్లు ఎన్ని? మద్రాస్ రాష్ట్రం మొత్తంలో నూటికి ఒక ఆడమనిషికి కూడా ఓటు రాలేదు. ఇంక మన సీమ లెక్క మీరే వేసుకోండి. మెట్ట భూమికి శిస్తు తక్కువ. డెల్టాలో కొద్ది ఎకరాల మాగాణికి కట్టే శిస్తు, ఇక్కడ సంవత్సరానికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో అంతకు చాలా ఎక్కువ భూమి ఉంటే గానీ రాదు. వాన పడని చోట ఓటు కూడా పలచగానే పడింది. మా ముత్తవ్వకు 1921లో ఓటు రాలేదని నేను కళ్లు మూసుకొని చెప్పగలను. ఆమెకు పట్టా కాదు కదా, పేరు రాసిన కాగితం ఒక్కటీ లేదు.

మార్గరెట్‌కు ఇది తెలియదా అంటే తెలుసు. ఆ తరం నాయకురాళ్లు మొదట దొరికింది తీసుకుందాం అనుకున్నారు. 1930లకు వచ్చేసరికి మాట మారింది. ఆస్తి ఉన్నవాడి భార్యకు ఓటు ఇస్తాం అని సర్కారు అంటే, మొగుడి పేరు మీద వచ్చే ఓటు మాకెందుకు, పెద్దయిన ప్రతి మనిషికీ ఇవ్వండి అని మహిళా సంఘాలు ఎదురు తిరిగినాయి. 1935 చట్టంలో సర్కారు వినలేదు. సుమారు 60 లక్షల మంది ఆడవాళ్లకు ఓటు వచ్చింది గానీ, చాలామందికి మొగుడి ఆస్తి పుణ్యాన వచ్చిందే. 1951-52 మొదటి ఎన్నికలప్పుడు ఏమైందో చూడండి. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో, తమ పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్య, ఫలానా వాడి కూతురు అని రాయించుకున్న 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు లిస్టు నుంచి తీసేసినారు. ఓటు వచ్చింది, పేరు రాలేదు.

మిగతా కథ కొంచెం స్పీడ్‌గా చెప్తా. 1920ల మొదట్లో మద్రాస్ సైదాపేటలో ఆమెను గౌరవ మేజిస్ట్రేట్‌గా వేసినారు, ఇండియాలో ఆ పదవిలో మొదటి ఆడమనిషి. రెండు జైళ్లు చూసొచ్చిన ఖైదీ జడ్జి కుర్చీలో! 1926లో ఆడవాళ్లు కౌన్సిల్‌కు పోటీ చెయ్యొచ్చు అని రూలు మారింది. మార్గరెట్ పట్టుబట్టి కమలాదేవి చట్టోపాధ్యాయను నిలబెట్టింది. కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది పాపం. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాస్ కౌన్సిల్‌కు నామినేట్ అయ్యి, డిప్యూటీ ప్రెసిడెంట్ కూడా అయింది. దేవదాసీ వ్యవస్థ మీద కౌన్సిల్‌లో కొట్లాడింది ఆమే. 1927లో పూనాలో ఆల్ ఇండియా విమెన్స్ కాన్ఫరెన్స్ మొదటి సభ. దాని వెనక మార్గరెట్ దేశమంతా రాసిన ఉత్తరాలున్నాయి. ఫోన్ లేదు, గ్రూప్ లేదు, పోస్టు డబ్బాయే.

1932లో మూడో జైలు. గాంధీ ఉద్యమాన్ని అణచడానికి సర్కారు ఆర్డినెన్సులు తెచ్చి మాట్లాడే హక్కు తీసేస్తే, మద్రాస్‌లో సభలో నిలబడి వాటికి వ్యతిరేకంగా మాట్లాడింది. ఇంక మాట్లాడను అని పూచీకత్తు రాసిచ్చుంటే ఇంటికి పొయ్యేది. రాయలేదు. ఒక సంవత్సరం వెల్లూరు జైలు. అప్పటికి వయసు 54.

ఇప్పుడు ఆ వెనక వరస పాయింట్. 1936లో ఆల్ ఇండియా విమెన్స్ కాన్ఫరెన్స్‌కు ఆమె అధ్యక్షురాలు అయింది, నిజమే. కానీ 1930ల నుంచే ఆమె మెల్లగా పక్కకు జరిగింది. భర్తతో కలిసి 1950లో అచ్చు వేయించిన ఆత్మకథ, వి టూ టుగెదర్, అందులో ఆమె దాచకుండా రాసుకుంది. పోరాటంలో ఉండాలని మనసు లాగుతా ఉన్నా, ముందుకొస్తున్న ఇండియన్ నాయకురాళ్లకు నా అవసరం ఇంక లేదనిపించింది, నేను ఉండడం వాళ్లకు ఇష్టం కూడా లేదేమో అనిపించింది అని. ఇది చదివినప్పుడు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఇరవై ఏళ్లు పని చేసిన చోట నువ్వు బయటి మనిషివి అని ఎవరూ చెప్పకుండానే అర్థమవ్వడం. వాళ్లదీ తప్పు కాదు, తెల్లావిడ ముందుంటే అది తెల్లావిడ ఉద్యమం అని సర్కారే అంటుంది. ఆమె అది పట్టుకొని వేలాడలేదు. 1940లలో పక్షవాతం వచ్చి మంచాన పడింది. మద్రాస్ సర్కారు, తర్వాత నెహ్రూ డబ్బు సాయం చేసినారు. 1954 మార్చి 11న అడయార్‌లో పోయింది. జేమ్స్ 1956లో మదనపల్లెలో పోయినాడు. ఐర్లాండ్‌లో ఉండిపోవడానికి తిరిగి పోలేదు ఇద్దరూ.

ఇది చదువుతా ఉన్నన్ని రోజులూ నాకు మా చిన్నమ్మ గుర్తొస్తా ఉండింది. చిన్నమ్మ కువైట్‌లో ఉంది, ఇళ్లలో పని. వేరుశనగ రెండేళ్లు వరసగా పోయినాక వెళ్లింది. మన కదిరి, రాయచోటి, మదనపల్లె సైడు ఇట్లాంటి చిన్నమ్మ లేని వీధి ఉందా చెప్పండి. 2024 మే 13న పోలింగ్. బెంగళూరు, హైదరాబాద్ నుంచి మనోళ్లంతా బస్సులు కట్టుకొని వచ్చినారు, మా వీధి పండగ లాగుంది. చిన్నమ్మ వీడియో కాల్ చేసి "ఎవరికి వేసినావు నాయనా" అని అడిగింది. చెప్పా. "నా స్లిప్పు వచ్చిందా" అనింది. వచ్చింది, లిస్టులో పేరుంది, ఫోటో ఉంది, వయసు ఉంది. మనిషి లేదు.

రూలు ఏందో చూశా. విదేశాల్లో ఉన్న ఇండియన్ సిటిజన్స్ ఫారం 6ఏతో ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. కానీ ఓటు వెయ్యాలంటే ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకొని సొంతూరి బూత్‌కే రావాలి. ఇళ్లలో పనిచేసే చాలామంది పాస్‌పోర్ట్ వాళ్ల చేతిలో ఉండదు, యజమాని బీరువాలో ఉంటుంది. చిన్నమ్మది అంతే. నేను ఈ రూలు చదివి వినిపిస్తే చిన్నమ్మ ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే నా ఓటు ఎవురన్నా వేసేస్తారేమో, కొంచెం చూసుకో నాయనా" అనింది. సాయంత్రం బూత్ మూసేదాకా నేను అక్కడే తిరుగుతా ఉన్నా. ఏజెంటుగా కూర్చున్న మామను అడిగితే, ఆ నంబర్ ఖాళీగానే ఉందిలేరా అన్నాడు.

చిన్నమ్మకు ఈ ఎపిసోడ్ లింక్ పంపించా. శుక్రవారం సెలవు దొరికితే చూస్తానంది.

మీ ఇంట్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఓటు వెయ్యడానికి ట్రై చేసి ఉంటే, ఏమైందో కామెంట్‌లో రాయండి, పేర్లు వద్దు, ఊరు చాలు. నెక్స్ట్ ఎపిసోడ్‌కు మదనపల్లె కాలేజీ దగ్గరికి పొయ్యి కెమెరాతో షూట్ చేద్దామనుకుంటున్నా. బస్సు ఛార్జీలు నావే, టమోటాలు మీవి. ఉంటా మరి.